బట్టమేక పిట్ట, నా గళ్ల చీర

మొన్న మా మనవడు ఫోనులో ఒక పక్షి బొమ్మ చూపించి, "అవ్వా, దీన్ని బట్టమేక పిట్ట అంటారంట, నువ్వెప్పుడన్నా చూసినావా?" అని అడిగితే, చూళ్లేదు నాయనా అని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. చూడకపోవడమేమిటి, కళ్లారా చూశాను.

ఎనభైల మొదట్లో మావారికి నంద్యాలలో ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లి ఫొటోలు తీసి సంసారం నడిపే ఆయనకు, జూపాడు బంగ్లా అవతల మా అక్క అత్తగారి చేను పక్కనున్న గడ్డి బీళ్లలో నెమలంత ఎత్తున తిరిగే ఆ పిట్టను దగ్గరనుంచి ఫొటో తీయాలని పిచ్చి పట్టింది. పెద్ద లెన్సు కొనే తాహతు లేదు. ప్యాంటు వేసుకున్న మనిషి కనబడితే అది అల్లంత దూరంలోనే లేచిపోయేది, కలుపు తీసే ఆడవాళ్లను మాత్రం లెక్కచేయకుండా వాళ్ల దాపునే మిడతలు ఏరుకునేది. అది గమనించి ఆయన నా పాత గళ్ల చీర అడిగారు. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఇంట, మగవాళ్లంటే ఉలి పట్టి గంభీరంగా కూర్చునేవాళ్లే అనుకుంటూ పెరిగిన నాకు ఆ మాటతో తల కొట్టేసినట్లయింది. అయినా ఇచ్చాను.

ఆ పొద్దు ఆయన చీర చుట్టుకుని, నెత్తిన కొంగేసుకుని, ఒళ్లో కెమెరా దాచుకుని, అక్కవాళ్ల చేలో కలుపు తీస్తున్న మా వరసలో కూర్చుంటే, ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాపుకున్నారు. ఆయన కూర్చునే మెల్లగా ముందుకు జరిగారు. పిట్ట కదల్లేదు. మెడ కింది తెల్లటి తిత్తి ఊదుకుని, తోక ఎత్తి, ఆయన ఎదుటే నిలబడింది. ఆయన చేయి కెమెరా మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే అక్క మామగారు నలుగురు చుట్టాలతో గట్టు మీద వస్తూ కనిపించారు. ఇక మా అక్క ఆ ఇంట తలెత్తుకు తిరగడమెలాగన్న భయంతో, సిగ్గుతో లేచి నిలబడ్డాను.

"లెయ్యండి, అక్కోళ్ల మామ వస్తాండాడు. ఆ చీర తీసెయ్యండి" అని అరిచాను.

పిట్ట లేచిపోయింది. ఆయన చీర మడిచి నా చేతికిచ్చి, "పోనీలే, యాడికి పోతాది, మళ్లీ వస్తాది" అన్నారు. మామగారు సంగతంతా విని నవ్వి, ఇంటికి పిలుచుకుపోయి అన్నం పెట్టించారు. అక్కను ఎవరూ ఒక్క మాటనలేదు. ఆయన మాత్రం మళ్లీ ఎప్పుడూ ఆ చీర అడగలేదు, నేనూ ఇస్తానని అనలేదు.

ఆ బీళ్లు చాలావరకు చేలయ్యాయి, పిట్ట కనబడి ఏళ్లు దాటిందంటున్నారు. ఈ కాలం పిల్లల దగ్గర మూరెడు పొడుగు లెన్సులున్నాయి, చీర కట్టుకోవాల్సిన అవస్థ ఎవరికీ లేదు. ఒక్క క్షణం ఓర్చుకుని ఉంటే మా గోడ మీద ఆ ఫొటో ఉండేదని, మనవడికి వేలు పెట్టి చూపించేదాన్నని తలుచుకుంటే, ఆనాటి సిగ్గుకే ఈనాడు నాకు సిగ్గేస్తోంది. నేను చూళ్లేదన్నప్పుడు మావారు పక్క కుర్చీలోనే ఉన్నారు. ఒకసారి నా వంక చూసి, మళ్లీ పేపరు చదువుకున్నారు.