ముందు మీరు కానివ్వండి

పెద్దల ముందు పిల్లల నోరు నొక్కే ఆచారాలను జీవితమంతా వేదికలెక్కి దుయ్యబట్టాను. అలాంటి ఆచారం ఒక మనిషిని పస్తు పెట్టడం మాత్రం హాంబర్గ్ వృద్ధాశ్రమంలో కళ్లారా చూశాను.

ఆశ్రమంలో చేరకముందు ఆమె మా పై వాటాలో ఉండేది. వయసులో కొరియా నుంచి నర్సుగా వచ్చి, ఈ ఊరి రోగులకు సేవ చేస్తూనే ముసలిదైంది. మతిమరుపు జబ్బు ఆమె జర్మన్‌ను తుడిచేసింది, కొరియన్ ఒక్కటే మిగిలింది. అందుకే ఆమెను చూడబోయే ముందు నాలుగు కొరియన్ మాటలు, కొన్ని మర్యాదలు నేర్చుకున్నాను. పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే చిన్నవాళ్లు తినాలట. పెద్దలకు ఏదిచ్చినా రెండు చేతులతో అందించాలట.

మా ఇద్దరికీ సూప్ వచ్చింది. "మొన్జొ తుసెయో" అన్నాను, ముందు మీరు కానివ్వండి అని. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచి, "మొన్జొ తుసెయో" అంది.

"రోజూ గిదే లొల్లి అంకుల్," అంది అక్కడ పనిచేసే వరంగల్ అమ్మాయి. "ముట్టనే ముట్టది. ఎట్ల చిక్కిపోయిందో చూడున్రి."

"తిననని కాదమ్మా. తను చిన్నపిల్లననుకుంటోంది. పెద్దల కోసం ఆగింది."

"మరి మీరు పెద్దోళ్లే గదా, తినున్రి!"

తిన్నాను. ఆమె చెంచా అందుకుంది. నోటిదాకా తెచ్చి, తలుపు వైపు చూసి, "అబొజి?" అంది. నాన్న ఏడీ అని. చెంచా దించేసింది.

ఎనభై దాటిన కూతురికి తండ్రి రాడని ఏ తర్కంతో చెప్పను? చెబితే ఏడుస్తుంది, ఏడ్చింది మరచిపోయి మళ్లీ ఎదురుచూస్తుంది.

అమ్మాయి గిన్నెలు తీయడానికి వచ్చింది. ముసలామె ఆ నిండు గిన్నెను రెండు చేతులతో అందించి, మర్యాదగా తల వంచింది.