మా ఇంటి చప్పుడు

ఎదురు ఫ్లాటులో ఎవరో నేతిలో సేమ్యా వేయిస్తున్నారు. చేస్తున్న పని ఆపి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆ వాసన వస్తే చాలు, భవానీపురంలో మేము అద్దెకున్న ఇల్లు, ఆ ఇంటి పై వాటాలో ఉండే నూర్జహాన్ ఆపా గుర్తొస్తారు. ఆపా అంటే అక్క. వయసుకి మా అమ్మంత ఆవిడ. వాళ్లాయన బట్టల కొట్లో పనిచేసేవారు, ఈవిడ ఇంట్లో జాకెట్లు కుట్టేవారు. మనసు ఎంత మంచిదో గొంతు అంత పెద్దది. మేడమీద నుంచి కూరల బండిని కేకేస్తే పక్క వీధిలో బండి కూడా ఆగేది.

ఆ ఇంట్లోకి మారిన కొత్తలోనే నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది. నరాల మీదుండే పొరను శరీరమే పాడుచేసుకునే జబ్బు. మా ఆయన కొండపల్లి దగ్గర కరెంటు తయారయ్యే చోట ఉద్యోగి కాబట్టి, "తీగ మీద తొడుగు ఊడిందనుకోండి" అని చుట్టాలకు చెప్పేవారు. కాలు తిమ్మిరంటే, కళ్లు మసకలంటే అందరికీ అర్థమయ్యేది. చప్పుడు పడదంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు. మామూలు మనిషికి కావలసిన మాట దగ్గరగా, అక్కరలేనిది దూరంగా వినిపిస్తుంది. నాకు ఆ దూరం పోయింది. కుక్కరు కూత, టీవీ, వీధిలో హారను, గట్టు మీంచి జారిన గరిటె, అన్నీ ఒకేసారి, ఒకే జోరుతో వచ్చి మీద పడేవి. మాట రాక, చెమటలు పట్టి ఉన్నచోటే కూలబడేదాన్ని. "మా వదిన మరీ సున్నితం" అని మా ఆడపడుచు నవ్వినప్పటి నుంచి ఎవరికీ చెప్పుకోవడం మానేశాను.

అన్నిటికన్నా నన్ను కోసింది మా పాప లాస్య తీరు. అప్పుడది ఒకటో తరగతి. ఎవరూ నేర్పకుండానే ఇంట్లో మునివేళ్ల మీద నడవడం నేర్చుకుంది. నవ్వొస్తే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. బొమ్మ చేతిలోంచి జారిపడితే ముందు నా మొహం చూసేది.

రంజాన్ పండగనాడు ఆపా గిన్నె నిండా సేమ్యా పాయసం పట్టుకుని, గుమ్మంలోంచే పలకరిస్తూ లోపలికొచ్చారు. సరిగ్గా అప్పుడే కుక్కరు కూసింది. టీవీ మోగుతోంది. వీధిలో ఎవరో బండికి కిక్కు కొడుతున్నారు. నేను చెవులు మూసుకుని వంటింటి గోడకి చేరగిలబడి కిందికి జారిపోయాను. ఆపా గిన్నె పక్కన పెట్టి స్టవ్ ఆర్పారు. టీవీ కట్టేశారు. కిటికీ మూశారు. ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి నా పక్కన నేలమీద కూర్చున్నారు. ఆ మనిషి అంతసేపు నోరు తెరవకుండా ఉండడం అదే మొదటిసారి చూశాను.

నేను తేరుకున్నాక మెల్లగా అడిగారు. అన్నీ చెప్పాను.

"నా మిషను కూడానా?"

"అబ్బే, లేదండీ."

"అబద్ధం చెప్పకు వసుధా. పండగ పూట."

తల వంచుకున్నాను. ఆవిడ లేచి వెళ్లిపోయారు. కోపమొచ్చిందనుకున్నాను. మర్నాడు పైన ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. కుట్టు మిషను వెనక గదిలోకి మారింది, దాని కాళ్ల కింద పాత బొంత మడిచి వేశారు. అంతటితో ఊరుకోలేదు. వాటా వాటాకీ వెళ్లి నా సంగతి చెప్పొచ్చారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అందరికీ ఎందుకు చెప్పారు ఆపా? ఏమనుకుంటారు?"

"ఏమో అనుకోనీ. నీకు బాగాలేదని గోడలు చెప్తాయా? మధ్యాహ్నం నువ్వు పడుకునే వేళ కాస్త చూసుకోమన్నాను, అంతే. రోజంతా ఊపిరి బిగబట్టమన్లేదుగా!"

ఆ సాయంత్రం లాస్యని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లారు. "మీ అమ్మకి జ్వరమొస్తే నువ్వు నీళ్లు తాగడం మానేస్తావా? గోలా అంతే. రా, మా ఇంట్లో చేసుకో" అన్నారట. మొదటిరోజు అది పిల్లిపిల్లలా ఓ మూల కూర్చుందట. తర్వాత్తర్వాత పళ్లెం మీద గరిటెతో దరువు వేసేదట. ఒకరోజు కళ్లు మూసుకుని పడుకుని ఉండగా పైకప్పులోంచి సన్నగా ఏదో వినిపించింది. మా పాప నవ్వు. దూరంగా, దూదిలో చుట్టినట్టు వస్తోంది. ఎన్నాళ్లకో ఒక చప్పుడు నాకు దూరం నుంచి వచ్చింది. దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. సంతోషం ఎంతో, నా పిల్ల నవ్వుకోవడానికి మెట్లెక్కాల్సి వచ్చిందే అన్న దిగులూ అంతే. ఆ దిగులు ఆపాకి చెప్తే, "నీ ఇల్లే పైదాకా ఉందనుకో" అన్నారు.

వాళ్లమ్మాయి షమీమ్ పెళ్లికి రాలేనని చెప్పడానికి చాలా మథనపడ్డాను. ఆపా వినేసి, "నిన్నెవరు రమ్మన్నారు?" అని వెళ్లిపోయారు. పెళ్లినాడు, బ్యాండువాళ్లు రాకముందే, మా తలుపు మీద వేలితో చిన్నగా తట్టారు. గుమ్మంలో ఎర్రటి బట్టల్లో షమీమ్, వెనక ఆపా. గాజులు గలగలమనకుండా పిల్ల ముంజేతులు రెండూ పమిటలో చుట్టి తీసుకొచ్చారు. దగ్గరికొచ్చి కూర్చుంటే గోరింటాకు చేతుల్ని పట్టుకుని ఆశీర్వదించాను. ఎవరం గట్టిగా మాట్లాడలేదు. "పెళ్లి చూసేశావుగా. ఇక బ్యాండు మేము వింటాంలే" అన్నారు ఆపా.

తర్వాత మేము ఇల్లు మారాం. వాళ్లాయన పోయాక ఆపా చల్లపల్లిలో షమీమ్ దగ్గరికి వెళ్లిపోయారు. ఫోను చేస్తే ఆవిడ గొంతు అరిచినట్టు మొదలై, వెంటనే గుసగుసలోకి దిగేది. కిందటేడు ఆ గొంతు కూడా ఆగిపోయింది.

నా జబ్బు తగ్గలేదు. తగ్గేదీ కాదన్నారు. కానీ ఇప్పుడు హోటల్లో కూర్చోగానే నేనే అడుగుతాను: "నాకు జబ్బుందండీ, చప్పుడు పడదు. ఆ పాటలు కాస్త తగ్గిస్తారా?" చాలామంది తగ్గిస్తారు. తగ్గించని చోట లేచి వచ్చేస్తాను. సిగ్గుపడను. లాస్య డిగ్రీకొచ్చింది. దాని గొంతు పెద్దది. సాయంత్రాలు స్నేహితురాళ్లతో హాల్లో కూర్చుని ఇల్లు ఎగిరిపోయేలా నవ్వుతుంది. భరించలేనప్పుడు నేను లేచి నా గది తలుపు వేసుకుంటాను. నవ్వు ఆపమని మాత్రం ఇంతవరకూ అనలేదు.