లేని గడియారం

కమలాపురం పక్క పల్లెలో ఉపదేశి ప్రేమయ్య ఆదివారం ప్రసంగం మధ్యలో ఆగి, కోటు జేబులోంచి గడియారం తీసి, టైము చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అతనికి గడియారం లేదు. కోటూ లేదు. గుడిలో ఎవరూ నవ్వలేదు, ఆరేండ్లుగా చూస్తున్నదే.

ఉపదేశి కాకముందు ప్రేమయ్య రెడ్ల బావి దగ్గర కపిల తోలేవాడు. పాట పాడుతూ ఎద్దులను ముందుకూ వెనక్కూ నడిపి తోలుబానతో నీళ్ళు లాగించడం ఒక్కటే తెలుసు. వాక్యం నేర్పింది మిషను పాతదొర, తెల్లాయన. ఆయన ఎలా చెబితే ఇతనూ అలాగే నేర్చుకున్నాడు. 'త'ను 'ట' అనడం, మాట కోసం మధ్యలో వెతుక్కోవడం, చివరికి ఆ గడియారం చూడడం కూడా. పల్లెవాళ్ళకూ దేవుడి మాట ఆ యాసలో వింటేనే నమ్మకం.

పాతదొర ఓడెక్కి వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం కొత్తదొర ప్రసంగం విని, ప్రేమయ్యను ఉంచేదీ లేనిదీ తేలుస్తాడని కబురొచ్చింది.

జొన్నరొట్టె తడుతూ భార్య రాహేలమ్మ అంది. "కొత్తదొర గూడా అట్లే మాట్లాడతాడంట. నీ మాట వింటే, నన్నే ఎక్కిరిస్తాండాడని అనుకోడా?"

ప్రేమయ్య సగం రొట్టె వదిలేసి చేలోకి నడిచాడు.

వారమంతా మనశ్శాంతి లేదు. చేలో ఒంటరిగా నిలబడి చెప్పుకుంటే దొర గొంతే వస్తోంది. మార్చి చూస్తే బడిపంతులు లాజరు గొంతు. ఇంకోసారి మార్చితే పాలేర్లను అదిలించే రెడ్డి గొంతు.

"నా గొంతు యాడ పోయిందే?" అని రాహేలమ్మను అడిగాడు.

"కపిల తోలేటప్పుడు ఉండె గదా. ఆ బావికాడ చూసుకో పో."

ఆదివారం కొత్తదొర ముందు బల్లమీద కూర్చున్నాడు. ప్రేమయ్య ప్రార్థన మొదలుపెడితే మొదటి మాటే "టండ్రీ" అని వచ్చింది. దొర కనుబొమలు లేచాయి. ప్రేమయ్య చెయ్యి లేని జేబువైపు బయలుదేరింది. దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు.

ఆ రోజు చెప్పాల్సింది ప్రభువు బావి దగ్గర ఒక ఆడమనిషిని నీళ్ళడిగిన కథ. బావి అనేసరికి కాళ్ళు వాటంతటవే, ఎద్దులను వెనక్కి నడిపించేటప్పటిలా, నాలుగడుగులు వెనక్కి వేశాయి. ఆ నడకతోపాటు గొంతూ వచ్చింది.

"ఎండ నడినెత్తిన ఉండాది. బావి శానా లోతు. చేతిలో బాన లేదు, తాడు లేదు. దప్పికైనోడు ఏం జేస్తాడప్పా? అడగల్ల..." అంటూ ముందుకూ వెనక్కూ నడుస్తూ, ఎద్దులకు చెప్పుకున్నట్టు చెప్పుకుపోయాడు.

అయిపోయాక దొర లేచి, "మీరు ఇక్కడే... ఉండవలెను" అని మాట వెతుక్కుంటూ అన్నాడు. ప్రేమయ్య అదే యాసలో జవాబివ్వబోయి, నాలుక కరుచుకుని, చేతులు జోడించాడు.

సంఘపెద్ద దావీదురాజు మాత్రం అతన్ని గుడి బయట పట్టుకున్నాడు.

"ఏమప్పా ప్రేమయ్యా, ఆరేండ్లు దొరమాదిరి ఎంత బాగా చెప్తాంటివి. ఈ పొద్దేమో మా పక్కింటోడు మాట్లాడినట్టుండె."

"మీ పక్కింట్లోనే గదా చిన్నాయనా నేనుండేది."