గేటు మీద రెండు దెబ్బలు

భవానీపురంలో పోలరాజు ఇంటి వెనక రేకుల షెడ్డే అతని వర్క్‌షాపు. గేట్లూ కిటికీ గ్రిల్సూ చేస్తాడు. ఇంటికున్న సింగిల్ ఫేజ్ కరెంటుతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాడు. ఆ వరస ఇళ్లన్నిటికీ ఒకటే సన్నటి లైను. అతను రాడ్ అంటించగానే వెల్డింగ్ మిషను కరెంటంతా లాగేసేది. ఇరుగు పొరుగు ఇళ్లలో లైట్లు మసకబారేవి, ఫ్యాన్లు నీరసించేవి.

అందుకని ముందే సుత్తితో ఇనప గేటు మీద రెండు దెబ్బలు వేసేవాడు. అది విని, పక్కింట్లో దోసెల పిండి రుబ్బి అమ్మే రాజ్యలక్ష్మి మోటారు కాలిపోకుండా గ్రైండర్ ఆపేసేది. "కొట్టాడమ్మా మహానుభావుడు. ఇక ఈ పిండి నలిగినట్టే" అని గోడ మీదుగా తిట్టేది. తిట్టని రోజు లేదు. ఆపని రోజూ లేదు.

ఈ వేసవిలో ఎట్టకేలకు త్రీఫేజ్ వచ్చింది. లైను మార్చి, స్తంభం నుంచి లావుపాటి కేబుల్ లాగారు. మర్నాడు పొద్దుట్నుంచీ వెల్డింగ్ చేసినా ఎవరింట్లోనూ లైటు అదరలేదు. పోలరాజు సుత్తి జోలికి పోలేదు.

మధ్యాహ్నం రాజ్యలక్ష్మి గిన్నెతో జావ పట్టుకొచ్చింది.

"గేటు చప్పుడే లేదు. జ్వరమేమో అనుకున్నా, పోలరాజూ."

"బానే ఉన్నానండీ పిన్నిగారూ. కొత్త కరెంటు వచ్చింది. ఇక మీరు గ్రైండర్ ఆపక్కర్లేదు."

"మంచిదేగా" అంది ఆవిడ. జావ అక్కడే పెట్టి, మెల్లగా వెళ్లిపోయింది.

మరుసటి రోజు రాడ్ అంటించే ముందు పోలరాజు గేటు మీద రెండు దెబ్బలు వేశాడు. పక్కింట్లో గ్రైండర్ ఆగలేదు. తిట్లు మాత్రం వినిపించాయి.