మగవాళ్లు చూడని బండ

మా మేనత్త పేరు చెప్పను. పోయినవాళ్ల పేరు మా ఆదివాసులం నోట పలకం. ఆస్ట్రేలియాలో, హాక్స్‌బరీ నది పైకొండల్లో ఆవిడ నోటికి జడవని మనిషి లేడు. బడిలో గదులు ఊడ్చి ముగ్గురు పిల్లల్ని పెంచింది. తీరిక దొరికితే ఆడవాళ్లను వెంటేసుకుని అడవిలోకి వెళ్లేది. అక్కడ ఒక బండ మీద మా పాతకాలంవాళ్లు చెక్కిన బొమ్మలున్నాయి. అది ఆడవాళ్ల చోటు, మగపురుగు అటు పోకూడదు. దారి మలుపు దాకా ఆవిడ కుర్చీ, టీ ఫ్లాస్కు మోయడమే నా వంతు.

ఒక ఏడు, కార్చిచ్చు ఆర్పే బండ్లకు రోడ్డు వేస్తామని అటవీ ఆఫీసువాళ్లు బుల్డోజరుతో దిగారు. వాళ్లు పాతిన జెండాలు సరిగ్గా ఆ బండ మీదుగానే పోతున్నాయి. మలుపులో కుర్చీ వేయించుకుని అత్త అడ్డంగా కూర్చుంది.

"ఆంటీ, ఆ బొమ్మలేవో చూపించండి, రోడ్డు పక్కకు జరిపిస్తాను," అన్నాడు ఆఫీసరు బ్రాడీ.

"నువ్వు మగాడివి. కుదరదు."

"చూడకుండా ఎలా నమ్మమంటారు?"

"మీ అమ్మ నిన్ను కనడం చూశావా? నమ్మలేదూ?"

బుల్డోజరు డ్రైవరు ఇంజను ఆపి మరీ నవ్వాడు. బ్రాడీ మొహం కందగడ్డ అయింది. ఇతగాడికి తిక్క రేగితే బండ పిండైపోతుంది.

"అత్తా, ఒక్కసారికి చూపించరాదూ? పోయాక ఏడిస్తే వస్తుందా?" అని గొణిగాను.

"నోర్ముయ్‌రా! మగాడికి చూపించి కాపాడుకుంటే మిగిలేది ఉత్త రాయి." బ్రాడీ వైపు తిరిగింది. "మీ ఆఫీసులో ఆడమనిషే లేదా? పిలిపించు. అందాకా లేవను."

ఎండ నడినెత్తికెక్కినా లేవలేదు. చివరికి బ్రాడీయే ఫోన్ చేశాడు. మార్నీ అనే అమ్మాయి జీపులో వచ్చింది. అత్త ఆమె చెయ్యి పట్టుకుని, చెట్లవైపు తిరిగి, అక్కడుండే మా పాతకాలం అమ్మలకు మా భాషలో కేకేసింది: "అమ్మల్లారా, నేనే! వెంట కొత్తపిల్ల ఉంది. కోప్పడకండి!"

తిరిగొచ్చాక మార్నీ జెండాలన్నీ పీకి చంకన పెట్టుకుంది.

"ఏముందక్కడ?" అన్నాడు బ్రాడీ.

"నీకెందుకు?" అంది. అత్త పగలబడి నవ్వింది.

అత్త పోయింది. ఇప్పుడు నా మనవరాళ్లు వెళ్తున్నారు, కుర్చీ ఇంకా నేనే మోస్తున్నాను. మొన్న చిన్నది పరుగెత్తుకొచ్చి, "తాతా, అక్కడ ఏముందో తెలుసా..." అని మొదలెట్టింది. తెలుసుకోవాలని నా ప్రాణం చిన్నప్పటినుంచీ కొట్టుకుంటూనే ఉంది. చప్పున దాని నోరు మూశాను.