పోచారం నీళ్లలో నవ్విన మొహం

దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూడాలంటే ఆ రోజుల్లో కాళ్లకు పని చెప్పాల్సిందే. ఫోన్లలో కెమెరాలు వచ్చాయి గానీ, వాటితో వీధి చివరి మనిషిని తీస్తే మనిషికీ కరెంటు స్తంభానికీ తేడా తెలిసేది కాదు. అలాంటి కాలంలో, నాకు ఇరవై ఒకటో ఏడు నడుస్తుండగా, అరచేతిలో ఇమిడే ఒక నల్లటి డిజిటల్ కెమెరా మూడు రోజుల పాటు నా చేతికి వచ్చింది. మీట జరిపితే దాని ముక్కు మూడు అంచెలుగా బయటికి పొడుచుకొచ్చి, ఎక్కడో ఉన్నదాన్ని లాక్కొచ్చి కళ్ల ముందు నిలబెట్టేది. అందులో రెండు రోజులు, నా అంత తెలివైన పిల్ల కామారెడ్డి మొత్తంలో లేదనుకుంటూ తిరిగాను. మూడో రోజు సంగతి చెప్పడానికే ఇదంతా.

అప్పుడు నేను కామారెడ్డిలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేదాన్ని. పని అంటే పాస్‌పోర్టు ఫోటోల్లో జనం మొహాల మీది మచ్చలు కంప్యూటర్లో తుడిచేయడం. (ఒకసారి ఒకాయన పుట్టుమచ్చ కూడా తుడిచేశాను. ఆయన దరఖాస్తులో రాసుకున్న గుర్తు అదేనట, మచ్చ కోసం మళ్లీ వచ్చాడు.) స్టూడియో యజమానిని మేమంతా ఫ్లాష్ అన్న అనేవాళ్లం. ఎదుటివాళ్లకు కళ్లు ఆర్పొద్దని గట్టిగా చెప్పి, సరిగ్గా మీట నొక్కే క్షణంలో తాను ఆర్పేవాడు. ఎవరో డీలరు వాడి చూడమని కెమెరా ఇచ్చిపోతే, అన్న దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు.

"చెల్లె, నీకు ప్రతిదాని మీద అనుమానమే గద. గిది నీకే సరిపోతది. మూడు రోజులు నీ తానే వెట్టుకో. మంచిగ ఏమున్నది, చెడ్డగ ఏమున్నది, రాసుకరా. బాగుంటే బయటి పనులకు ఒకటి తీస్కుందాం" అన్నాడు.

నన్ను పరీక్షాధికారిని చేసినట్టు అనిపించింది. ఒక నోటుపుస్తకం కొనుక్కుని రంగులు, వణుకు, దూరం, బ్యాటరీ అని గీతలు కొట్టుకున్నాను. మొదటి రోజు సాయంత్రం స్టూడియో డాబా ఎక్కి నాలుగు ఇండ్ల అవతలికి ముక్కు చాపాను. పెండ్లిళ్లలో లడ్డూ వాసన కూడా పడదని చెప్పే ఒక షుగరు పెద్దమనిషి, నీళ్ల ట్యాంకు చాటున నిలబడి జిలేబీ తింటున్నాడు. 'రంగులు సహజం' అని రాసుకున్నాను. రాసి మళ్లీ చూసేసరికి ఆయన తినడం ఆపి, తల ఎత్తి, సూటిగా నావైపే చూస్తున్నాడు. అంత దూరం నుంచి నేను ఆయనకు కనిపించే అవకాశమే లేదు. అయినా ఆ చూపు తెర మీద అలాగే నిలబడిపోయింది. గబుక్కున ముక్కు లోపలికి లాగేశాను. మనం చూస్తున్న సంగతి అవతలివాళ్లకు ఎలాగో తెలిసిపోతుందేమోనన్న అనుమానం నాకు మొదలైంది ఆ రోజే.

దూరాన్ని బాగా పరీక్షించాలంటే నీళ్లు, పక్షులు ఉన్న చోటు కావాలనిపించింది. మా మేనత్త ఎల్లారెడ్డిలో ఉండేది. అంగన్‌వాడీలో పిల్లలకు చదువు చెప్పేది. నలభై మంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టగలదు గానీ, బల్లి కనిపిస్తే ఇంట్లోకి రాదు. ఆదివారం పొద్దున్నే ఆమె ఇంట్లో దిగాను. దగ్గర్లోని పోచారం చెరువుకు పోతానంటే, "ఒక్కదానివి పోవుడేంది? నేను గూడ వస్త" అని టిఫిన్ డబ్బా కట్టుకుని, గొడుగు పట్టుకుని తయారైంది.

బయల్దేరే ముందు ఆమె మీదే కెమెరాను పరీక్షించాను. దానికి రెండు విద్యలు ఉండేవి. ఎదుట మొహం కనబడితే తెర మీద దాని చుట్టూ పచ్చటి గడి గీసేది. ఆ మొహం నవ్వితే మనం మీట నొక్కకుండానే తనే ఫోటో తీసేది. అత్త అద్దం ముందు నిలబడ్డట్టు నిలబడి ఎంత నవ్వినా తీయలేదు. విసుగొచ్చి, తుమ్ము వచ్చి, నోరు తెరిచేసరికి టక్కున తీసింది. 'నవ్వు – సందేహం' అని రాసుకున్నాను.

మేము దిగేసరికి పోచారం నిండుగా ఉంది. పైన వానలు పడి మత్తడి దుంకుతోంది. నిండిన నీళ్లు అలుగు మీదుగా కిందికి పడే ఆ హోరులో పక్కమనిషి మాట కూడా అరిస్తే తప్ప వినిపించదు. సన్నటి తుంపర. ఆదివారమైనా కట్ట మీద ఒక్క మనిషి లేడు. ఆకాశం, నీళ్లు, అవతలి గుట్టలు అన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోయి, ఎక్కడ ఏది ఆగి ఏది మొదలైందో తెలియడం లేదు. అత్త నా భుజానికి ఆనుకుని నిలబడింది.

"గీ నీళ్లల్ల ఒకామె ఉంటదంటరు" అంది చెవిలో. "గిట్ల మబ్బు వట్టిననాడు మెడ దాక లేసి మనుషులను పిలుస్తదట. పిలిస్తే పలుకొద్దు."

"గీ ముచ్చట ఇంటికాడ జెప్పొద్దా అత్తా?"

"ఇంటికాడ యాదికి రాలే."

నీళ్ల మధ్యలో అక్కడక్కడ మునిగిన చెట్ల మొద్దులు నల్లటి చుక్కల్లా తేలి ఉన్నాయి. వాటిమీద కొంగలేమైనా ఉంటాయేమోనని కెమెరా ఎత్తాను. తెర నిండా బూడిద నీళ్లు. మెల్లగా పక్కకు జరుపుతున్నాను. ఏమీ లేని నీళ్ల మీద పచ్చటి గడి వచ్చి ఆగింది. తెర మీద నుంచి కళ్లు తీసి చూస్తే, అక్కడ మిగతా మొద్దుల్లాంటి ఒక నల్ల చుక్క తప్ప ఏమీ లేదు. మళ్లీ తెర చూశాను. గడి ఉంది.

"అత్తా, ఆడ ఎవరిదో మొకం ఉన్నదట."

"ఎవరన్నరు?"

"కెమెరా."

నా జబ్బ మీద అత్త వేళ్లు బిగిశాయి. మీట చివరిదాకా జరిపాను. అంత దగ్గరికి లాగేసరికి తెరంతా ఊగుతోంది. కట్ట గోడ మీద మోచేతులు ఆనించాక కుదురుకుంది. నీళ్ల మీద ఒక తల. మెడ కిందంతా నీళ్లే. మొహం పాలిపోయి, నుదుటి పైనంతా ఎర్రగా, ఎవరో గుప్పెడు కుంకుమ మెత్తినట్టు ఉంది. అది మావైపే చూస్తోంది. నేను చూస్తుండగానే దాని నోరు విచ్చుకుంది. పళ్లన్నీ కనిపించాయి. కెమెరా టక్కుమంది.

"నువ్వే నొక్కినవా?" అంది అత్త.

"లే."

"మరెవలు నొక్కిండ్రు?"

అది నవ్విందని చెప్పబోయాను. ఇంకోసారి టక్కుమంది. ఆపైన మరోసారి. తర్వాత నీళ్లలోంచి ఒక చేయి మెల్లగా లేచి, రండి రండి అన్నట్టు మమ్మల్ని పిలిచింది. అదే సమయంలో ఆ తలకు జానెడు పక్కన, ఏమీ లేని నీళ్ల మీద, రెండో గడి వెలిగింది.

తర్వాత ఏం జరిగిందో నాకంటే నా కాళ్లకే బాగా తెలుసు. అత్త గొడుగు అక్కడే పడేసి నాకంటే ముందు పరుగెత్తింది. (అంతకు ముందు వారం మోకాళ్ల నొప్పులని సెలవు పెట్టింది.) నా ఎడమ చెప్పు తెగి మెట్ల మీదే ఉండిపోయింది. రోడ్డెక్కి, ఎల్లారెడ్డి వైపు పోతున్న ఖాళీ ఆటో ఆపి, ఎక్కడికని డ్రైవరు అడగకముందే కూర్చున్నాం.

కొంత దూరం పోయాక గుండె దడ తగ్గింది. దడ తగ్గాక పరీక్షాధికారి బుద్ధి మళ్లీ తలెత్తింది. ఫోటోలు వచ్చాయో లేదో చూడాలి కదా. అత్త కళ్లు మూసుకుని, "తీసెయ్, అవి తీసెయ్" అంటోంది. నేను మాత్రం మొదటి ఫోటోను తెర మీద పెద్దది చేశాను. ఆటో అన్న అద్దంలోంచి చూసి, బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగాడు.

"ఏందక్కా అది?"

"పోచారంల దయ్యం" అంది అత్త, కళ్లు తెరవకుండానే.

అతను కెమెరా దగ్గరికి తీసుకుని చూశాడు. "దయ్యం పురుగుల మందు టోపీ వెట్టుకున్నదేంది?"

చూస్తే నిజమే. నుదుటి మీది ఎరుపు ఒక టోపీ. ఎరువుల దుకాణాల్లో ఊరికే పంచుతారే, అలాంటిది. దాని మీద సగం అక్షరాలు కూడా తెలుస్తున్నాయి. ఆటో ఆగింది. పైన గుడ్డ మీద వాన చినుకుల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. నేను రెండో ఫోటో చూశాను, ఆపైన మూడోది. మొదటి దాంట్లో నీళ్లు గడ్డం కింద ఉన్నాయి. మూడో దాంట్లో కింది పెదవిని తాకుతున్నాయి. ఆ నోరు నవ్వడం లేదు. అది అరుస్తోంది. ఎంత అరిచినా మత్తడి హోరులో మాకు వినబడలేదు, అంతే.

అంతవరకు నాకు పట్టినది భయమే కాదని అప్పుడు తెలిసింది. "మర్లెయ్ అన్నా, బండి మర్లెయ్!" అని నేను అరిచిన అరుపుకు అత్త కళ్లు తెరిచింది.

ఆటో అన్న ఒక చేత్తో బండి తిప్పుతూ, ఇంకో చేత్తో కట్ట కింద ఉండే చేపలు పట్టేవాళ్లకు ఫోన్ చేశాడు. మేము చేరేసరికి ఇద్దరు థర్మాకోల్ తెప్పను నీళ్లలోకి తోస్తున్నారు. "ఏ దిక్కు?" అని అరిచారు. ఏ దిక్కు? కట్ట మీంచి చూస్తే అన్నీ ఒకేలాంటి నల్ల చుక్కలు. ఏది మొద్దో, ఏది మనిషో ఎవరికి తెలుసు? గోడకు మోచేతులు ఆనించి కెమెరా ఎత్తాను. బూడిద నీళ్లు. ఒక మొద్దు. ఇంకో మొద్దు. గడి రాలేదు. అటునుంచి ఇటు, ఇటునుంచి అటు ఎన్నిసార్లు జరిపానో. బ్యాటరీ గుర్తు ఎర్రబడి మినుకుమంటోంది. మామూలుగా దేవుణ్ణి అంతగా అడగని దాన్ని, ఒక్క గడి గీయమని ఆ కెమెరాకు మొక్కాను.

గీసింది. గోరంత ఎర్ర టోపీ చుట్టూ, సన్నగా, పోతూ వస్తూ.

"ఎడమకు! ఇంకా ఎడమకు!" అని నేను అరిస్తే, ఆ హోరులో వాళ్లకు వినపడదని అత్త, ఇందాక తాను పడేసిన గొడుగు వెతికి తెరిచి, అంగన్‌వాడీ పిల్లలకు డ్రిల్లు చేయించినట్టు అటూ ఇటూ ఊపింది. తెప్ప ఆ గొడుగును చూసుకుంటూ పోయింది. వాళ్లు వంగి, ఒక మనిషిని రెక్కలు పట్టి పైకి లాగడం తెర మీద చూశాను. సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోయింది.

ఒడ్డుకు తెచ్చిన మనిషికి యాభై ఐదేళ్లు ఉంటాయి. పెదవులు నల్లబడి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తెప్ప తిరగబడి కొట్టుకుపోయిందట. కాలు వలలో చిక్కుకుంటే, మునిగిన తుమ్మ మొద్దు మీద ఒంటికాలితో నిలబడ్డాడట. ఆ కాలూ జారుతూ వచ్చిందట. అత్త డబ్బాలోని ఉప్మా ఆయన చేతిలో పెట్టింది. రెండు ముద్దలు మింగి మావైపు చూశాడు.

"మీరేనా? గట్టు మీద నిలవడి ఫోటోలు దీసింది మీరేనా?"

మేమిద్దరం తలలు వంచుకున్నాం.

"సచ్చెటోన్ని ఫోటో దీస్తున్నరేందని అనుకున్న. చెయ్యి ఊపిన. మీరు ఉరికిండ్రు" అన్నాడు. ఇంకో ముద్ద మింగి, "నిజం జెప్పాల్నంటే నాకే భయమయింది. ఇద్దరు ఆడోళ్లు, ఒకామెకు మొకం జాగల నల్లటి కన్ను, నా దిక్కే జూసి మాయమైండ్రు. యములోళ్లు ఆడమనుషులను తోలిండ్రా అనుకున్న."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వబోయాడు గానీ వణుకు ఆగలేదు. నవ్వు సద్దుమణిగాక, నాకు ఉండబట్టక అడిగాను.

"బాపూ, ఆడ మీ పక్కపొంటి ఇంకెవరన్న ఉన్నరా?"

"ఎవలు లేరు బిడ్డా. ఎందుకు?"

అత్త నా చేయి గట్టిగా నొక్కింది. ఏం లేదన్నాను.

సోమవారం ఫ్లాష్ అన్న ఫోటోలన్నీ చూసి, రెండో గడి సంగతి విని కొట్టిపారేశాడు. "గిసుంటి కెమెరాలకు నీళ్ల మీద మెరుపు గూడ మొకం లెక్కనే అనిపిస్తది చెల్లె." అలా అంటూనే ఆ మూడో ఫోటోను ఇంకా ఇంకా పెద్దది చేసుకుంటూ చాలాసేపు చూశాడు. కెమెరా మాత్రం తీసుకోలేదు. "మన పెండ్లిళ్లల్ల పెండ్లికొడుకు నాలుగడుగుల దూరంల ఉంటడు. గింత ముక్కు మనకెందుకు?" అని డీలరుకు తిరిగి ఇచ్చేశాడు.

నెల తర్వాత ఆ నీళ్లలోని బాపు స్టూడియోకు వచ్చాడు, ఏదో కార్డుకు ఫోటో కావాలని. గడ్డం గీయించుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. దిగడం అయిపోయాక, "అయ్యి ఉన్నయా? నీళ్లల్లయి?" అన్నాడు. కంప్యూటర్లో తెరిచి చూపించాను. వంగి చాలాసేపు చూశాడు. నోరంతా తెరుచుకుని పళ్లన్నీ కనిపిస్తున్న ఆ మొహం మీద వేలు పెట్టాడు.

"గీడ నేను ఏమంటున్ననో ఎరుకేనా?"

తల అడ్డంగా ఊపాను.

"బిడ్డా, బిడ్డా అంటున్న. నీకు ఇనవడలే."

నా తల మీద చేయి పెట్టి, కార్డు ఫోటోలు జేబులో వేసుకుని, బీబీపేటలో చుట్టాల ఇంటికి పోవాలంటూ బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

ఇప్పుడు మా ఇంట్లో పిల్లలు ఫోనుతో చందమామ మీది గుంతలు తీసి, దగ్గరికి జరిపి మరీ నాకు చూపిస్తారు. నేను మెచ్చుకుంటాను. కానీ ఏదైనా దూరం నుంచి దగ్గరికి వస్తున్న ప్రతిసారీ నాకు కనిపించేది వేరు. ఒక కాలికి చెప్పు లేకుండా, జుట్టంతా తడిసి, ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ బండి మర్లెయ్యమని గొంతు చించుకుంటున్న ఇరవై ఒక్కేళ్ల పిల్ల. మహా పిరికిది. పైగా తనంత తెలివైనది లేదనుకునేది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు పోయాక కూడా కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోతాను.