బావను వెనక్కి జారించిన రోజు

ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు. తప్పులుంటే ఏమీ అనుకోకండి. మా బావ మీద నాకున్న కోపం గురించి రాస్తున్నాను.

మాది బూర్గంపాడు దాటాక అడవి అంచున ఉన్న ఊరు. మా అక్క మొగుడు, అంటే బావ, చలికాలంలో మంచుకొండల్లో ఒక సేటు దుకాణంలో పనిచేస్తాడు. అక్కడ స్కీలు కిరాయికిస్తారు. కాళ్ళకు బిగించుకుని మంచు మీద జారే పొడుగు బద్దలు అవి. పోయిన ఏడాది నన్ను కూడా ఖమ్మంలో రైలెక్కించి తీసుకుపోయాడు.

వెళ్ళిన మొదటి రోజే, "ఆ వాలంత సాఫ్ చెయ్ రా బామ్మర్దీ" అన్నాడు. రాళ్ళూ కొమ్మలూ ఏరమని ఆయన ఉద్దేశం. మా దిక్కు ఇప్పపూలు రాలే ముందు చెట్టు కింద నేల కనబడేదాకా ఊడుస్తాం. సాఫ్ చేయడమంటే నాకు అదే. పడ్డ కొద్ది మంచునూ ఊడ్చి ఒక పక్కకు కుప్ప పోశాను.

అక్కడ నవ్వితే నవ్వాడు. ఊరికొచ్చాక మా చిన్నాయన ఇంట్లో పెళ్ళిలో, బంతిలో కూర్చున్న అందరి ముందూ చీపురు పట్టుకుని చేసి చూపించాడు. "సేటు మంచు కోసం దేవునికి మొక్కుతుంటే, మా వోడు ఉన్నది గూడ ఊడ్చి కుప్పేసిండు" అన్నాడు. నాకు పిల్లనిద్దామనుకుంటున్నవాళ్ళు కూడా అదే బంతిలో ఉన్నారు. వాళ్ళూ నవ్వారు. బావ ఎంత ఆటపట్టించినా బామ్మర్ది కోప్పడకూడదు. కానీ తిరిగి ఆటపట్టించే హక్కు బామ్మర్దికీ ఉంటుంది. పోయిన ఏడాది అక్కడున్నప్పుడే పనయ్యాక రోజూ పడుతూ లేస్తూ జారడం నేర్చుకున్నాను. ఆయన్ను నలుగురిలో కింద కూర్చోబెట్టాలని ఈ ఏడు మళ్ళీ వెళ్ళాను.

సీజన్ ఇంకా మొదలుకాలేదు. మంచు పలచగా ఉంది, గడ్డి మొనలు కనిపిస్తున్నాయి. కొత్త స్కీలు ఒక జత వచ్చింది. ముందు కొనలాగే వెనక కొన కూడా పైకి వంగి ఉంది. వెనక్కి కూడా జారవచ్చట, కొండ మీద ఏ చోటైనా పనికొస్తాయట. కిరాయికిచ్చే ముందు ఎట్లా ఉన్నాయో చూడమన్నాడు సేటు.

"నువ్వు ముందు పో. నాకేమన్న అయితే దుకాణం బందయితది" అన్నాడు బావ.

నేను పైకెక్కి జారాను. పైన మంచు గట్టిగా ఉంది, రేకు మీద ఇసుక రాసినట్టు చప్పుడు. తిప్పితే తేలిగ్గా తిరిగాయి. కాస్త వెనక్కి కూడా జారి చూశాను, బాగానే పోయాయి. మళ్ళీ ముందుకు తిరిగి కిందికొచ్చేసరికి అక్కడ ఎండకు మంచు తడిసి ముద్దయి ఉంది. స్కీలను పట్టేసింది. ముందుకు చూస్తున్నాను కాబట్టి మోకాళ్ళు వంచి నిలదొక్కుకున్నాను.

"ఎట్లున్నయ్ రా?"

"మస్తున్నయ్ బావా. వెనక్కి గూడ పోతున్నయ్. నీతోని అయితదా మరి?"

తడి సంగతి చెప్పలేదు.

"ఏంది, నాతోని అయితదా అని అడుగుతున్నవా?"

సేటు, మిగతా పనివాళ్ళు చూస్తున్నారు. ఇక ఆయన ఆగుతాడా. స్కీలు బిగించుకుని పైకెక్కి, మాకు వీపు చూపిస్తూ వెనక్కి జారాడు. సగం దాకా దర్జాగా వచ్చాడు, ఒక చెయ్యి కూడా ఊపాడు. తడి మంచు రాగానే స్కీలు ఆగిపోయాయి, బావ ఆగలేదు. వెల్లకిలా పడ్డాడు. లేచి కూర్చున్నాడు, కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి. అది చూశాకే నవ్వాను. సేటు కూడా నవ్వాడు.

"కింద తడిగున్నది నీకు ఎరుకనేనా?" అని అడిగాడు బావ.

"అవ్ బావా. ఇప్పుడే ఆ తడిలకెల్లి వచ్చిన గద."

ఒంటికంటిన మంచు దులుపుకున్నాడు. "సరే గని, మీ అక్కకు చెప్పకు" అన్నాడు.

ఫోన్ తీసి అక్కకే కలిపి, బావ పడ్డాడని చెప్పాను.

"దెబ్బ తాకిందా?" అంది అక్క.

"ఏం గాలే."

"అయితే ఆగు, స్పీకర్ పెడ్త. మా అత్త ఈడనే ఉన్నది. ఇగ చెప్పు, మొదటికెల్లి చెప్పు."

బావ ఫోన్ గుంజుకోబోయాడు. కాళ్ళకు స్కీలు ఉండిపోయాయి, లేవలేకపోయాడు. నేను కొంచెం ఎడంగా జరిగి, ఆయనకు కూడా వినబడేట్టు గట్టిగా చెప్పడం మొదలుపెట్టాను.